లైకుల లెక్క సరిచేయండి: తెలుగు వార్తా వెబ్‌సైట్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలుగు వార్తా వెబ్‌సైట్ల సంపాదకులకు, యాజమాన్యాలకు, వాటి సాంకేతిక విభాగాల్లో పనిచేసే మిత్రులకు నమస్కారం.

విషయం: వార్తల కింద పాఠకుల కామెంట్లకు ఉండే లైకు బటన్లలోని లోపాలు, వాటిని సరిదిద్దవలసిన తీరు.

వార్త కింద పాఠకుడు తన మాట రాసుకునే చోటును ఇన్నేళ్లుగా మూసేయకుండా నిలిపి ఉంచారు. అందుకు కృతజ్ఞతలు. ఆ చోటు బాగుపడాలనే ఈ లేఖ. మేం కామెంట్ల వ్యవస్థలకు కోడ్ రాసేవాళ్లం, వచ్చిన కామెంట్లను మోడరేట్ చేసేవాళ్లం, అంటే ఏది ఉంచాలో ఏది తీయాలో చూసేవాళ్లం. ఇక్కడ చెప్పే లోపాలను వేర్వేరు సైట్లకు వాటి ‘సంప్రదించండి’ పేజీల ద్వారా విడివిడిగా రాసి పంపాం. మీ సందేశం అందింది అన్న ఆటోమేటిక్ జవాబు తప్ప మరేమీ రాలేదు. బటన్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. అందుకే అందరికీ కలిపి, అందరూ చూసేలా రాస్తున్నాం. ఏ సైటు పేరూ ఎత్తడం లేదు, ఎందుకంటే ఇవి ఏ ఒక్కరి తప్పులూ కావు.

లైకు బటన్ మీది బొటనవేలి బొమ్మ గురించి ఇంత పెద్ద లేఖా అనుకోకండి. ఒక వార్త కింద నాలుగు వందల కామెంట్లు ఉంటే, ఫోన్‌లో చదివే మనిషి పైనున్న నాలుగైదు చూసి వెళ్లిపోతాడు. ‘జనం ఏమనుకుంటున్నారు’ అన్న ప్రశ్నకు అతనికి దొరికే జవాబు ఆ నాలుగైదే. భూసేకరణ వార్త కింద, ‘మా గ్రామంలో గ్రామసభ పెట్టనేలేదు’ అని ఆ ఊరి మనిషి రాసిన రెండు లైన్లు మూడు వందల ఇరవయ్యో చోట ఉంటే అవి లేనట్టే. పైకి ఎవరు రావాలి, కిందికి ఎవరు పోవాలి అన్నది లైకుల లెక్కే తేలుస్తోంది. ఆ లెక్క తప్పితే మీ పేజీ మీద జనాభిప్రాయం తప్పుగా అచ్చవుతున్నట్టే.

ఇప్పుడే ఎందుకంటే, దానికీ కారణం ఉంది. బయటి వెబ్‌సైట్లలో కనిపించే తన లైకు బటన్‌ను, కామెంట్ బటన్‌ను 2026 ఫిబ్రవరి 10 నుంచి నిలిపివేస్తున్నట్టు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2025 నవంబరులో ప్రకటించింది. ఆ తేదీ తర్వాత అవి సున్నా పిక్సెళ్ల సైజులో, అంటే కనిపించకుండా ఉండిపోతాయని చెప్పింది. 2010 నుంచి ఆ అరువు బటన్ల మీద ఆధారపడిన సైట్లు ఇప్పుడు సొంత బటన్ రాసుకోవాలి, లేదా ఇంకొకరి దగ్గర తెచ్చుకోవాలి. ఎలాగూ కొత్తగా కడుతున్నప్పుడే పునాది సరిగ్గా వేసుకోవచ్చు.

నొక్కితే ఏం జరగాలి

పాఠకుడు బటన్ నొక్కగానే బ్రౌజర్ నుంచి సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ వెళ్తుంది. ఏ కామెంటుకు, ఎవరు అన్న రెండు సంగతులు అందులో ఉంటాయి. సర్వర్ ఆ రెండింటినీ, నొక్కిన సమయాన్నీ కలిపి డేటాబేస్‌లో ఒక వరుసగా రాసుకోవాలి. అదే మనిషి, అదే కామెంటు అన్న జంట రెండోసారి ఎక్కకుండా ఆ పట్టిక మీద యూనిక్ నియమం పెట్టాలి. బొటనవేలి పక్కన కనిపించే అంకె ఆ వరుసల మొత్తం, అంతే. వేగం కోసం ఆ మొత్తాన్ని విడిగా దాచుకోవచ్చు. అందరూ అదే చేస్తారు, అందులో తప్పు లేదు. కానీ రోజుకోసారైనా వరుసలు మళ్లీ లెక్కపెట్టి ఆ అంకెతో సరిచూడాలి. కొట్టు కట్టేసే ముందు గల్లాపెట్టెను చిట్టాతో సరిచూసుకోవడం లాంటిదే ఇది.

మేం చూసిన చాలాచోట్ల ఆ వరుసలే లేవు. కామెంట్ల పట్టికలో ‘లైకులు’ అని ఒక గడి ఉంటుంది, నొక్కినప్పుడల్లా అందులోని అంకెకు ఒకటి కలుస్తుంది. ఎవరు నొక్కారన్నది ఎక్కడా నమోదు కాదు. లోపలి కోడ్ చూడకపోయినా ఇది బయటి నుంచే పసిగట్టవచ్చు. ఒకసారి కొట్టిన లైకును వెనక్కి తీసుకునే వీలు లేదంటే చాలావరకు ఆ సైటుకు మీరు ఎవరో గుర్తులేదని అర్థం. వరుసలు రాయకుండా మిగుల్చుకున్న ఈ కాస్త శ్రమ నుంచే కింద చెప్పే కష్టాల్లో సగం పుడుతున్నాయి.

సామాన్య పాఠకుల మీద పడుతున్న ప్రభావం

1. ఒక్కడే వంద ఓట్లు వేయగలుగుతున్నాడు. గడికి ఒకటి కలిపే పద్ధతిలో వేలు వేగంగా ఆడిస్తే చాలు, పది నొక్కులకు పది లైకులు. దీన్ని ఆపడానికి కొన్ని సైట్లు బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న ఫైలు పెట్టి ‘ఇతను నొక్కేశాడు’ అని గుర్తుపెట్టుకుంటున్నాయి. ఇన్‌కాగ్నిటో విండో తెరిస్తే ఆ కుకీ ఉండదు. విండో మూసి మళ్లీ తెరిస్తే మళ్లీ కొత్త మనిషే. చిన్న స్క్రిప్ట్ రాయగలిగినవాడికి ఇంత కూడా అక్కర్లేదు, బటన్ జోలికే పోకుండా నేరుగా రిక్వెస్టులు పంపుకుంటూ పోతాడు. ఎన్నికల రోజుల్లో బూతు కామెంటుకు పది నిమిషాల్లో మూడు వందల లైకులు పడటం, దాని కింద ఓపికగా రాసిన జవాబు రెండు దగ్గరే ఆగిపోవడం మీ మోడరేటర్లు చూసే ఉంటారు. చదివేవాడికి అది ఊరి మాటలా కనిపిస్తుంది. నిజానికి ఒక్క ల్యాప్‌టాప్ పని.

ఇందులోనే ఇంకో పొరపాటు ఉంది. లైకును మామూలు లింకులా, అంటే పేజీని తెచ్చుకోవడానికి వాడే గెట్ రిక్వెస్టుగా పెట్టిన చోట్ల, సెర్చ్ ఇంజిన్ల కోసం పేజీలు చదివే క్రాలర్ ప్రోగ్రాములు పేజీలోని లింకులన్నీ తిరుగుతూ దీన్నీ తాకి వెళ్తాయి. పేజీ వేగంగా తెరుచుకోవాలని లింకులను ముందే తెచ్చిపెట్టే బ్రౌజర్లదీ అదే పని. ఏ మనిషీ నొక్కకుండానే అంకె పెరుగుతుంది. లైకు ఎప్పుడూ మార్పు చేయమని పంపే పోస్ట్ రిక్వెస్టుగానే వెళ్లాలి, దానితోపాటు ఆ పేజీకే చెందిన టోకెన్ (రహస్య సంకేతం) ఒకటి ఉండాలి. లేకపోతే ఇంకెక్కడో ఉన్న పేజీ మీ పాఠకుడికి తెలియకుండా అతని పేరు మీద లైకులు వేయించగలదు.

2. ఓటున్న మనిషికి ఓటు దక్కడం లేదు. కుకీలతో లాభం లేదని ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరును, అంటే ఐపీ అడ్రస్‌ను పట్టుకున్న సైట్లున్నాయి. ఒక అడ్రస్ నుంచి ఒక కామెంటుకు ఒక్క లైకు. మన దేశంలో ఇది అసలే పనికిరాదు. ఐపీవీ4 అనే పాత రకం అడ్రస్‌లు చాలక మొబైల్ కంపెనీలు ఎంతోమంది చందాదారులను ఒకే బయటి అడ్రస్ వెనక నిలబెడుతున్నాయి. దీనినే క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. అమీర్‌పేట హాస్టల్లో ఒకే వైఫై మీదున్న ఎనభై మందిదీ ఒకే అడ్రస్. కాలేజీ ల్యాబ్‌లోనూ అంతే. మొదటివాడు నొక్కగానే మిగతా డెబ్బై తొమ్మిది మందికీ ‘మీరు ఇప్పటికే లైక్ చేశారు’ అని వస్తుంది. జీవితంలో మొదటిసారి ఆ బటన్ నొక్కిన మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో ఆలోచించండి. ఫోన్ పాడైందనో, తన అకౌంట్ ఎవరో వాడుతున్నారనో భయపడతాడు. మరోవైపు మొబైల్ డేటా ఆపి మళ్లీ వేస్తే చాలాసార్లు అడ్రస్ మారిపోతుంది. అంటే ఈ అడ్డు నిజాయితీపరుడిని ఆపుతోంది, మోసగాడిని వదిలేస్తోంది.

ఐపీ అడ్రస్‌ను అనుమానానికి ఒక ఆనవాలుగా వాడుకోండి, తీర్పుగా వాడకండి. ఒక నిమిషంలో ఒకే అడ్రస్ నుంచి రెండు వందల లైకులు ఒకే కామెంటుకు వస్తే ఆపి చూడాలి. ఎనభై మంది ఎనభై కామెంట్లకు కొడితే అది హాస్టల్.

3. కళ్ల ముందు కనిపించిన అంకె నిలవడం లేదు. సర్వర్ జవాబు వచ్చేదాకా ఆగకుండా నొక్కగానే స్క్రీన్ మీద అంకెను పెంచడం మంచి పద్ధతే, పాఠకుడికి వేచి చూసే బాధ ఉండదు. అయితే రిక్వెస్ట్ విఫలమైతే ఆ అంకెను వెనక్కి తగ్గించి, ‘మీ లైకు నమోదు కాలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని చెప్పే రెండో సగం కూడా రాయాలి. ఆ రెండో సగమే చాలాచోట్ల లేదు. రైల్లో కూర్చుని ఒకతను కామెంటు చదివి నొక్కాడు. 12 కాస్తా 13 అయింది, బొటనవేలు నీలం రంగుకు మారింది. అదే క్షణంలో సిగ్నల్ పోయింది. తర్వాతి స్టేషన్లో పేజీ మళ్లీ తెరిస్తే 12, బొటనవేలు బూడిద రంగులో ఉంది. తన లైకు తీసేశారని అతను అనుకుంటాడు. మీ సైటు ఒక పక్షం లైకులు కోసేస్తోందన్న ఆరోపణలు చాలావరకు ఇలాగే పుడతాయి. అక్కడ పక్షపాతం లేదు, రాయని నాలుగు లైన్ల కోడ్ ఉంది.

సిగ్నల్ సరిగ్గా లేనిచోట ఇంకో చిక్కు వస్తుంది. కొన్ని బటన్లు సర్వర్‌కు ‘ఇప్పుడున్న స్థితిని తిరగేయి’ అని పంపుతాయి. మొదటి రిక్వెస్ట్ చేరినా దాని జవాబు తిరిగి రాలేదు. యాప్ మళ్లీ పంపింది. రెండుసార్లు తిరగేస్తే మొదటికే వచ్చింది, లైకు పోయింది. రిక్వెస్టులో ‘లైకు ఉండాలి’ లేదా ‘లైకు తీసేయాలి’ అని విడమరిచి చెప్పాలి. అప్పుడు అది పదిసార్లు వెళ్లినా ఫలితం ఒకటే.

ఒకే క్షణంలో ఇద్దరు నొక్కినప్పుడు సర్వర్‌లో జరిగేది కూడా చూడండి. మొదటి ప్రాసెస్ గడిలో 10 అని చదువుతుంది. అది 11 రాసేలోగా రెండోదీ 10 అనే చదువుతుంది. ఇద్దరూ 11 రాస్తారు. రావలసింది 12. పెద్ద వార్త పడిన మొదటి పావుగంటలో, రద్దీ ఎక్కువగా ఉన్నప్పుడే ఇలా ఓట్లు ఎక్కువగా పోతాయి. చదివి, కలిపి, రాయడం అనే మూడు పనులు విడివిడిగా చేయకుండా డేటాబేస్‌కే ‘ఒకటి కలుపు’ అని ఒకే ఆజ్ఞ ఇస్తే ఇది ఆగుతుంది. పైన చెప్పిన వరుసల పద్ధతిలో అసలు ఈ సమస్యే రాదు.

4. ముందొచ్చినవాడే చివరిదాకా పైన కూర్చుంటున్నాడు. మా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాం.

కామెంట్లను లైకుల సంఖ్యను బట్టి పేర్చితే, ఉదయం ఆరింటికి వార్త పడగానే రాసిన ‘సూపర్’ అన్న ఒక్క మాటకు ఆరున్నరకల్లా నలభై లైకులు ఉంటాయి. నలభై ఉన్నాయి కాబట్టి పైన ఉంటుంది. పైన ఉంది కాబట్టి అందరికీ కనిపిస్తుంది. కనిపిస్తుంది కాబట్టి ఇంకా లైకులు పడతాయి. పొలం పనో, డ్యూటీయో ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి కూర్చుని, జీవో నంబరు చూసుకుని మరీ రాసినవాడి కామెంటు నాలుగో పేజీలో పుడుతుంది, అక్కడే ఉండిపోతుంది.

ఇది ఊహ కాదు. లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ అనే పరిశోధకులు ఒక వార్తల సైటులో లక్షా వెయ్యికి పైగా కామెంట్ల మీద ఐదు నెలలు ప్రయోగం చేసి 2013లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. కామెంటు పడగానే, దాని మంచిచెడ్డలతో నిమిత్తం లేకుండా లాటరీ పద్ధతిలో కొన్నిటికి ఒక్క కృత్రిమ లైకు కలిపారు. ఆ ఒక్కటి చూసిన తొలి పాఠకుడు తానూ లైకు కొట్టే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ కామెంట్ల సగటు మార్కులు 25 శాతం ఎక్కువగా తేలాయి. కృత్రిమంగా వేసిన డిస్‌లైకుల దెబ్బను మాత్రం తర్వాతి పాఠకులు సరిచేసేశారు. అంటే అన్యాయంగా దించితే జనం లేపుతారు, అన్యాయంగా లేపితే మాత్రం దించరు. పాయింట్ 1లో చెప్పిన స్క్రిప్టుతో కలిపి చూడండి. మొదటి ఐదు నిమిషాల్లో వేసిన ఐదు దొంగ లైకులు రోజంతా పనిచేస్తాయి.

దీనికి పాత వైద్యమే ఉంది. ఎడ్విన్ విల్సన్ 1927లో ఇచ్చిన గణాంక సూత్రం అది. రెడిట్ అనే చర్చా వేదిక 2009లో తన ‘బెస్ట్’ వరుసకు దాన్నే తీసుకుంది. మూడు కామెంట్లు తీసుకోండి. మొదటిదానికి 600 లైకులు, 400 డిస్‌లైకులు. రెండోదానికి 45 లైకులు, 5 డిస్‌లైకులు. మూడోదానికి ఒకే ఒక్క లైకు. లైకుల్లోంచి డిస్‌లైకులు తీసేసి పేర్చితే మొదటిది 200తో పైకి వస్తుంది, పదిమందిలో నలుగురు ఒప్పుకోని మాట అయినా సరే. శాతం చూసి పేర్చితే ఒక్క లైకున్న మూడోది నూటికి నూరుతో ఎక్కి కూర్చుంటుంది. విల్సన్ సూత్రం శాతాన్నీ, ఎంతమంది చెప్పారన్న నమ్మకాన్నీ కలిపి తూకం వేస్తుంది. 95 శాతం నమ్మకంతో లెక్కిస్తే రెండోదానికి 0.79, మొదటిదానికి 0.57, మూడోదానికి 0.21 వస్తాయి. యాభై మందిలో నలభై ఐదుగురు మెచ్చిన మాట పైకి వస్తుంది. అది రాత్రి తొమ్మిదింటికి రాసినదైనా వస్తుంది. దీనికి కోడ్ పది లైన్లు దాటదు.

డిస్‌లైకు బటన్ లేని సైట్లు ఏం చేయాలని అడగవచ్చు. లైకులను ఆ కామెంటు ఎంతమంది కంటపడిందో దానితో పోల్చండి. కామెంటు స్క్రీన్ మీదికి వచ్చి ఒకటి రెండు సెకన్లు నిలిచిందా లేదా అన్నది బ్రౌజర్ చెప్పగలదు. ఆ సంఖ్యను ఒక్కొక్కటిగా కాకుండా మూటగట్టి పంపితే పాఠకుడి డేటా కూడా పెద్దగా ఖర్చుకాదు. రెండు వేలమంది చూసి నలభై మంది మెచ్చిన ‘సూపర్’ కన్నా, అరవై మంది చూసి ముప్పై మంది మెచ్చిన కామెంటు విలువైనదని అప్పుడు యంత్రానికీ తెలుస్తుంది. పైగా మొదటి గంట అంకెలు దాచి, కామెంట్లను ఒక్కో పాఠకుడికి ఒక్కో వరుసలో చూపండి. అప్పుడు ఎవరికి వారు చదివే నొక్కుతారు. రెడిట్‌లో చర్చా బృందాల నిర్వాహకులకు కొత్త కామెంట్ల అంకెలను 24 గంటల వరకూ దాచే వీలుంది.

డిస్‌లైకు ఉంచాలా వద్దా అన్నదాని మీద మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. అందరం ఒప్పుకునేది ఒకటి: ఉంచితే దాన్ని వరుస పేర్చడానికి వాడండి, అంకెను మాత్రం బయటికి చూపకండి. ఒక మనిషి మీద గుంపుగా పడటానికి ఆ అంకె నిప్పులో నెయ్యిలా పనిచేస్తుంది. డిస్‌లైకుల దాడుల గురించే 2021 నవంబరులో యూట్యూబ్ ఆ అంకెను జనానికి కనిపించకుండా చేసింది.

5. నొక్కడానికి చేతులు రాని చోట కూడా ‘లైకే’ ఉంది. బస్సు లోయలో పడిన వార్త. కింద ఒకరు రాశారు: ‘ఆ డ్రైవరు మా వీధివాడే. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ఒకటో తరగతి.’ దాని పక్కన బొటనవేలు, ‘లైక్’ అన్న మాట. ఏం చేయాలి పాఠకుడు? కొందరు బాధతోనే నొక్కుతారు. చాలామంది నొక్కలేక వదిలేస్తారు. దాంతో ఆ కామెంటు కిందికి పోయి, ‘ప్రభుత్వమే చంపింది’ అన్న అరుపు పైకి వస్తుంది. తనకు తెలిసింది చెప్పిన మనిషి వెనక్కి, ఏమీ తెలియకుండా తిట్టిన మనిషి ముందుకు.

బటన్ మీది మాట మారితే ప్రవర్తన మారుతుందని అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు టాలియా స్ట్రౌడ్ బృందం చూపించింది. ‘లైక్’ బదులు ‘గౌరవిస్తున్నాను’ అన్న అర్థం వచ్చే మాట పెడితే, తమ రాజకీయ అభిప్రాయానికి ఎదురైన కామెంట్లకు కూడా పాఠకులు ఎక్కువగా నొక్కారు. తెలుగులో దీనికి మాటల కరువు లేదు. ‘బాగా చెప్పారు’ అనవచ్చు. సమాచారం ఇచ్చిన కామెంటుకు ‘ఉపయోగపడింది’, చావు వార్త కింద ‘మీ బాధలో మేమూ’. ఆరు బొమ్మలు పెట్టమని మేం అనడం లేదు. రెండు మాటలు చాలు. నవ్వు బొమ్మ మాత్రం వద్దు. మన సైట్లలో అది ఎదుటివాడిని వెక్కిరించడానికి తప్ప దేనికీ వాడటం లేదు.

6. చూపు లేని పాఠకులకు ఆ బటన్ ఉన్నట్టే తెలియడం లేదు. బొటనవేలిని ఒట్టి బొమ్మగా పెట్టి క్లిక్ తగిలించిన చోట, ఫోన్‌లో స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడే మనిషికి ‘పేరు లేని బటన్’ అని వినిపిస్తుంది, లేదా ఏమీ వినిపించదు. పక్కనున్న ‘12’ విడిగా వినిపిస్తుంది, పన్నెండేమిటో తెలియదు. అసలైన బటన్ ట్యాగ్ వాడండి. దానికి తెలుగులో పేరివ్వండి: ‘ఈ కామెంటుకు లైకు, ఇప్పటికి 12 మంది’. నొక్కి ఉందో లేదో కోడ్‌లో పెట్టే ఏరియా-ప్రెస్డ్ గుర్తుతో చెప్పండి. రంగు ఒక్కటే మారితే రంగులు పోల్చుకోలేనివారికి తెలియదు కాబట్టి బొమ్మ ఆకారం కూడా మారాలి. ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం వికలాంగులకు అందుబాటులో ఉండేలా చూడాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

సైజు సంగతి కూడా ఇక్కడే. వెబ్ అందుబాటు ప్రమాణాల 2.2 సంచిక ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, 24 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48 ఉండాలంటాయి, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. లైకు బటన్‌ను ఆనించి ‘ఫిర్యాదు’ బటన్ పెట్టిన సైట్లున్నాయి. వేళ్లు వణికే పెద్దవాళ్లు మెచ్చుకోబోయి ఫిర్యాదు చేస్తున్నారు, ఆ ఫిర్యాదులు పోగై మంచి కామెంటు దానంతటదే దాగిపోతోంది. ఫిర్యాదును మూడు చుక్కల మెనూలోకి జరపండి, అది నొక్కాక ‘నిజంగానేనా’ అని ఒకసారి అడగండి.

7. ఎవరు లైకు కొట్టారో పేర్లు బయటపెట్టడం మనుషులను ఇరుకున పెడుతోంది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్ పోస్టు రాసిన అమ్మాయితోపాటు దానికి లైకు కొట్టిన ఆమె స్నేహితురాలిని కూడా పోలీసులు అరెస్టు చేశారు. ఆ వ్యవహారం కదిలించాకే, ఆన్‌లైన్ రాతలకు ఇలా అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ సుప్రీంకోర్టుకు చేరి, 2015 మార్చి 24న కొట్టివేతకు గురైంది. పోస్టుకు లైకు కొట్టడం దాన్ని ప్రచురించడం కిందికి రాదని 2025లో అలహాబాద్ హైకోర్టు కూడా చెప్పింది. కోర్టులు అలా చెప్పినా, పల్లెటూళ్లో సర్పంచి మీద విమర్శకు లైకు కొట్టిన కాంట్రాక్టు ఉద్యోగికి రేపు పొద్దున పనిలో ఎదురయ్యే చూపుల నుంచి ఏ తీర్పూ కాపాడదు. మన పేర్లలోనే ఇంటిపేరు, కులం, ఊరు పలుకుతాయి. ఎక్స్ (పాత ట్విటర్) సంస్థ 2024 జూన్‌లో లైకులను ఇతరులకు కనిపించకుండా చేసింది. మీరూ సంఖ్య చూపండి, పేర్లు దాచండి.

ఇతర కంపెనీల లైకు బటన్ అతికించేవారికి ఒక మాట. దాన్ని నొక్కకపోయినా, పేజీ తెరిస్తే చాలు పాఠకుడి వివరాలు ఆ కంపెనీకి వెళ్తాయి. అలా పంపినందుకు వెబ్‌సైటుకూ బాధ్యత ఉంటుందని 2019 జులై 29న యూరోపియన్ యూనియన్ కోర్టు తీర్పిచ్చింది. జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉండి మీ సైటు చదివే తెలుగువారి విషయంలో ఇది మీకు నేరుగా తగులుతుంది. మన దేశంలోనూ 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది.

మీరే పరీక్షించి చూడండి

మేం చెప్పినదంతా నిజమో కాదో పావుగంటలో మీ ఆఫీసులోనే తేల్చుకోవచ్చు. రెండు ఫోన్లు చాలు. మొదటి ఫోన్‌లో మీ సైటు తెరిచి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఒక కామెంటుకు లైకు కొట్టండి. అంకె పెరిగి అలాగే నిలిచిపోయి, ఏ హెచ్చరికా రాకపోతే పాయింట్ 3 మీకు వర్తిస్తుంది. ఏరోప్లేన్ మోడ్ తీసి అదే బటన్‌ను వేగంగా పదిసార్లు నొక్కి, పేజీ రిఫ్రెష్ చేయండి. అంకెలో తేడా ఒకటి మించకూడదు. ఇప్పుడు ఇన్‌కాగ్నిటో విండోలో మళ్లీ నొక్కండి. పెరిగితే మీ దగ్గర ఓటర్ల జాబితా లేనట్టే. రెండో ఫోన్‌ను మొదటిదాని హాట్‌స్పాట్‌కు కలిపి, వేరే అకౌంట్‌తో అదే కామెంటుకు కొట్టండి. ‘ఇప్పటికే చేశారు’ అంటే మీరు హాస్టల్ పిల్లలను ఆపుతున్నారు. చివరగా టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఆ బటన్‌ను వెతికి నొక్కండి.

ఒక్క జాగ్రత్త. రిఫ్రెష్ చేశాక అంకె పాతదే కనిపిస్తే వెంటనే కోడ్‌ను తప్పుపట్టకండి. పేజీల ప్రతులను పాఠకులకు దగ్గరి సర్వర్లలో ఉంచే సీడీఎన్ వ్యవస్థ, పేజీ పాత ప్రతినే కొన్ని నిమిషాలు దాచి ఉంచుతుంది. పేజీని అలాగే దాచుకోనిచ్చి, లైకుల అంకెలను మాత్రం విడిగా ఒకే రిక్వెస్టులో, స్క్రీన్ మీదున్న కామెంట్లన్నిటికీ కలిపి తెచ్చుకోవాలి. ఒక్కో కామెంటుకు ఒక్కో రిక్వెస్ట్ పంపే సైట్లున్నాయి. రెండు వందల కామెంట్ల పేజీ తక్కువ ధర ఫోన్‌లో తెరుచుకోకుండా చక్రం తిరుగుతూ ఉండటానికి అది కూడా ఒక కారణం.

మా డిమాండ్లు

ఒకటి: ప్రతి లైకునూ మనిషి, కామెంటు, సమయం ఉన్న వరుసగా నమోదు చేయాలి. లాగిన్ ఉన్నవారికే లైకు ఇవ్వాలి. లాగిన్‌కు ఫోన్ నంబరుకు ఓటీపీ గానీ ఈమెయిల్ గానీ సరిపోతుంది, ఆధార్ లాంటివి అడగకూడదు. కొట్టిన లైకును ఎప్పుడైనా వెనక్కి తీసుకోనివ్వాలి. ఈ మార్పులన్నీ చేయడానికి 30 రోజుల గడువు సరిపోయి మిగులుతుంది.

రెండు: కామెంట్లను ఒట్టి లైకుల సంఖ్యతో పేర్చడం ఆపాలి. మంచి పద్ధతి సిద్ధమయ్యేవరకు కనీసం ‘కొత్తవి ముందు’ అన్న వరుసనే మొదట చూపండి, అందులో ఎవరికీ అన్యాయం జరగదు. ఏ పద్ధతిలో పేరుస్తున్నారో కామెంట్ల పైన తెలుగులో రెండు వాక్యాలు రాసి ఉంచాలి.

మూడు: దొంగ లైకులు తీసేసినప్పుడు ఆ మాట చెప్పాలి. ‘అనుమానాస్పదంగా వచ్చిన 240 లైకులు తొలగించాం’ అని ఆ కామెంటు కిందే ఒక లైను చాలు. చెప్పకుండా తీస్తే మంచి పనికి కూడా పక్షపాతం అన్న పేరు వస్తుంది.

నాలుగు: మరణాలు, ప్రమాదాలు, ఆత్మహత్యల వార్తల కింద ‘లైక్’ మాట, బొటనవేలు రేపటినుంచే తీసేయాలి. ఇది సబ్‌ఎడిటర్ వార్త ఎక్కించేటప్పుడు పెట్టే ఒక్క టిక్‌తో అయ్యే పని.

ఐదు: లైకు కొట్టినవారి పేర్లు ఎక్కడా చూపకూడదు, రాజకీయ పార్టీలకు గానీ సర్వే సంస్థలకు గానీ ఇవ్వకూడదు. ఈ హామీ మీ గోప్యతా విధానంలో తెలుగులో ఉండాలి.

ఆరు: చూపు లేని పాఠకులను కనీసం ఇద్దరిని పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, వారితో బటన్లను పరీక్ష చేయించాకే కొత్త వెర్షన్ విడుదల చేయాలి.

వీటిలో ఏది చేయగలరు, ఏది చేయలేరు, ఎప్పటికి చేస్తారు అన్నది మాకు విడిగా రాయనవసరం లేదు. మీ సైటులోనే, పాఠకులకు కనిపించే చోట, మామూలు తెలుగులో పెట్టండి. కోడ్ విషయంలో ఎక్కడ చిక్కు వచ్చినా కూర్చుని సాయం చేయడానికి మేం సిద్ధంగా ఉన్నాం, దానికి డబ్బు అడగం.

ఇట్లు,
కామెంట్ల వ్యవస్థలకు కోడ్ రాసే, కామెంట్లు మోడరేట్ చేసే కొందరు తెలుగువాళ్లం